నిలబెట్టి అచ్చేసిన పన్నెండు

“నేనే చేసిన మేడం. సగం టైమే కాల్చిన. నాదే తప్పు.”

యాస్మిన్ ఆ మాట అనడం అది ఏడోసారి. బ్యూలా వేళ్ళ మీద లెక్కపెడుతూనే ఉంది. పటాన్‌చెరు పోలీస్ స్టేషన్ వెనక గదిలో ఫ్యాను తిరగడం లేదు, కిటికీ తెరుచుకోదు, ఎదురుగా కూర్చున్న పిల్ల నోరు విప్పితే అబద్ధం తప్ప మరొకటి రాదు. సంగారెడ్డిలో డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టుకున్న పద్నాలుగేళ్ళలో నేరం చేసి చేయలేదన్నవాళ్ళను బ్యూలా వందల మందిని చూసింది. చేయని నేరాన్ని ఇంత మొండిగా నెత్తికెత్తుకునే మనిషిని చూడటం ఇదే మొదలు. ఒళ్ళు మండిపోతోంది.

“సగం టైమంటే ఎంత?”

“పది నిమిషాలు.”

“ఎందుకు?”

“తొందర్ల.”

“ఏం తొందర? బండి పోతుందా, బస్సు పోతుందా?”

యాస్మిన్ తల దించుకుంది. ఇరవై ఏడేళ్ళ మనిషి, ఐదేళ్ళుగా పారిశ్రామికవాడలో ఫుర్ఖాన్ నడిపే డెంటల్ ల్యాబ్‌లో పని. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకు రాత్రిపూట పెట్టుకునే తొడుగులుంటాయి, నైట్ గార్డులంటారు. వాటిని మెషీన్ మీద ద్రవంలోంచి పొర మీద పొరగా ప్రింట్ తీయడం, కడగడం, వెలుతురు డబ్బాలో పెట్టి గట్టిపరచడం ఆమె పని. ఆ చివరి పనినే ల్యాబ్‌లో ‘కాల్చడం’ అంటారు. గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీ ప్రొడక్షన్ మేనేజరు భీమశంకరం శుక్రవారం రాత్రి కొత్త గార్డు పెట్టుకుని పడుకున్నాడు. శనివారం పొద్దున లేవలేదు. విరిగిన ముక్క శ్వాసనాళంలో ఇరుక్కుందని డాక్టర్లు తేల్చారు.

నిన్న యాస్మిన్ అత్త అక్తరీ బేగం సంగారెడ్డి దాకా వచ్చి, బ్యూలా చెయ్యి పట్టుకుని, “నా కోడలు చీమకు గూడ హాని చెయ్యదు బేటీ, ఎట్లన్న విడిపించు” అని ఏడ్చింది. ఇక్కడ ఈ కోడలేమో ఉరితాడు నాకే కావాలంటూ కూర్చుంది.

తలుపు తోసుకుని సీఐ శివరామకృష్ణ వచ్చాడు. చేతిలో ఫైలు, మొహంలో పెళ్ళివారి హడావిడి.

“అయిందా మేడం ఇంటర్వ్యూ? తెలిసి తెలిసి తక్కువ కాల్చిన అని రాసిచ్చింది. చిన్న సెక్షన్ కాదు, బెయిల్ దొరకనిది పెడుతున్న. నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు పెడుత. మీరింక టిఫిన్ చేసి ఇంటికి పోవచ్చు.”

“ఆ గార్డు చూపించండి.”

“ఎవిడెన్సు అది.”

“నేనేమన్నా నోట్లో పెట్టుకుంటానా సారూ? కవరు మీదే చూస్తాను.”

అతను నిట్టూర్చి ప్లాస్టిక్ కవరు బల్ల మీద పడేశాడు. రెండు ముక్కలు, ఒకటి పెద్దది, ఒకటి దవడపన్నంత. బ్యూలా సంచీలోంచి భూతద్దం తీసింది. అది ఆమె నాన్న ఏలీయాది. ఇక్కడి ఫ్యాక్టరీల టూల్ రూముల్లో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి, ఏ వస్తువు విరిగినా ముందు అది విరిగినచోటి మొహం చూడమనేవాడు.

ఆ మొహం నున్నగా ఉంది. కత్తితో కోసినట్టు అడ్డంగా, తిన్నగా తెగింది. పక్కనే వెంట్రుక కన్నా సన్నని గీతలు వరుసగా, తెగిన అంచుకు సమాంతరంగా ఉన్నాయి. రంగు లేత పసుపు. కవరు పైనుంచి గోటితో కొడితే టక్కుమంది.

“యాస్మిన్, సగం కాలిన గార్డు ఎట్లుంటది?” అంది బ్యూలా తల ఎత్తకుండానే.

“మెత్తగుంటది...” అనేసి ఆ పిల్ల నాలుక కరుచుకుంది. కళ్ళలో భయం కదిలింది.

“మెత్తగా ఉండేది వంగాలి గదా? ఇది గాజుముక్కలాగా ఎందుకు విరిగింది?”

“నాకు తెల్వది. నేనే చేసిన.” ఎనిమిదోసారి.

“విన్నరుగా!” అన్నాడు సీఐ సంబరంగా.

“విన్నాను. ఆమె మాట, ఈ ముక్క మాట కలవట్లేదని మీకు వినపడలేదా?”

“ముక్కలు మాట్లాడుతయా మేడం? రిజిస్టర్ల సంతకం ఆమెది, స్టేట్‌మెంటు ఆమెది. ఇంక నాకేం గావాలె?”

చెవిటివాడి ముందు శంఖం ఊది లాభం లేదు. బ్యూలా గడియారం చూసింది. పన్నెండూ నలభై. బయట బెంచీ మీద అక్తరీ బేగం లేచి నిలబడింది. ఆవిడకు పొద్దుటి నుంచి తలనొప్పి, కళ్ళు లోపలికి పోయాయి.

“ఇంటికి పో ఖాలా. మూడున్నరకు ఫోన్ చేస్త.”

“నమాజ్ చేసుకుని జెర నడుం వాలుస్త బేటీ. ఫోన్ చెయ్యి, మర్చిపోకు,” అంటూ ఆవిడ బుర్ఖా సర్దుకుని వెళ్ళింది.

ల్యాబ్‌కు చేరేసరికి ఒకటీ పది. ఫుర్ఖాన్ గుమ్మంలోనే చేతులు జోడించాడు. నలభై దాటిన మనిషి, తెల్ల కోటు, అత్తరు వాసన.

“ఆపా, నేను బర్బాద్ అయిపోయిన. ఐదేండ్ల నుంచి నమ్మిన పిల్ల గిట్ల చేస్తదని కలగన్ననా?”

“ఏడుపు తర్వాత ఫుర్ఖాన్ భాయ్. రిజిస్టర్ తియ్యండి.”

బుధవారం పేజీ. ప్రింట్ మొదలు పదకొండూ పది, ముగింపు పదకొండూ యాభై. కింద యాస్మిన్ సంతకం. సంతకం పైన ఇంకో వరుస కూడా ఆమె రాతలోనే ఉంది: పన్నెండు నుంచి మూడు దాకా కరెంటు లేదు. పదకొండూ పది గడిలో కేసు నంబర్లున్నాయి. బ్యూలా వాటిని లెక్కపెట్టింది. పదిహేను. మొదటి నాలుగూ యాస్మిన్ గుండ్రటి రాత. మిగతా పదకొండూ ఇరుకుగా, ఖాళీలో కుక్కిన రాత. భీమశంకరం నంబరు ఆ పదకొండింట్లో ఉంది.

సీఐ గారు ఈ పేజీలో సంతకం తప్ప మరేదీ చదవలేదన్నమాట. బ్యూలాకు చిర్రెత్తుకొచ్చింది. పదోతరగతి పిల్లలు కూడా ప్రశ్నపత్రం అంతకన్నా శ్రద్ధగా చదువుతారు.

“ఈ రెండో రాత ఎవరిది?”

“అందరం రాస్తం ఆపా. ఆమె సంతకం ఉన్నది గదా.”

“ఎప్పుడు పెడుతుంది సంతకం?”

ఫుర్ఖాన్ రిజిస్టర్ మూయబోయాడు. “పొద్దుగాల్నే.”

“పని మొదలు కాకముందే?”

“సాయంత్రం ఐదింటికి షేరాటో పోతది. ఆడోళ్ళు ఉరుకుతరు. అందుకని వచ్చుడుతోనే పేజీ కింద సంతకం పెట్టి పోతది. ఇక్కడ అందరూ గంతే.”

ఖాళీ పేజీ కింద సంతకం! బ్యూలా తల పట్టుకుంది. చదువుకున్న మనిషి, చేతిలో నైపుణ్యమున్న మనిషి, ఆటో పోతుందని తెల్లకాగితం మీద సంతకం పెట్టి, పైన ఏదైనా రాసుకోమని వదిలేసింది.

“సరే, మెషీన్ చూపించండి. ప్లేటు మీద పదిహేను గార్డులు పెట్టండి.”

“ఎందుకాపా?”

“నాకు సరదా.”

మెషీను ప్లేటు అరచేతికి కాస్త పెద్దది. ఫుర్ఖాన్ పాత గార్డులు తెచ్చి పరిచాడు. రెండు, మూడు, నాలుగు. ఐదోది సగం బయటికి వేలాడింది.

“యాస్మిన్ ఎప్పుడూ ఇట్లాగే పడుకోబెడుతుందా?”

“ఆమె పిచ్చి అది. పడుకోబెడితె పొరలన్నీ పొడుగునా వస్తయట, కొరికినప్పుడు బలంగుంటయట. నిలబెడితె పొర మీద పొర అడ్డంగ పడ్తది, కొరికితె పొర పొర ఊడుతదని లొల్లి చేస్తది. నేనంట, నిలబెడితె ఒక్కసారె పన్నెండు...”

మాట సగంలో ఆగిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు.

“పన్నెండు పడతాయి,” బ్యూలా పూర్తి చేసింది. “కంప్యూటర్ తెరవండి. భీమశంకరం ఫైలు. పడుకోబెడితే ఎంతసేపు పడుతుందో అడగండి.”

తెర మీద నలభై నిమిషాలని వచ్చింది.

“నిలబెట్టండి.”

ఫుర్ఖాన్ ఫైలును నిలువుగా తిప్పాడు. తెర మీద రెండు గంటలా నాలుగు నిమిషాలు.

“అదేంది, ఒక్కటైనా పన్నెండైనా అంతేనా?”

“ఎత్తును బట్టి ఆపా. ఎన్ని ఉన్నయని కాదు, ఎంత ఎత్తని లెక్క. పొర ఒక్కంటికి పన్నెండు సెకండ్లు.”

“విరిగిన ముక్క మీద గీతలు అడ్డంగా ఉన్నాయి ఫుర్ఖాన్ భాయ్. అది నిలబెట్టి తీసింది. పదకొండూ పదికి మొదలుపెడితే ఒంటిగంట దాటాలి. పన్నెండుకే కరెంటు పోయింది. ఇన్వర్టరుందా?”

“లైట్లకు, ఫ్యాన్లకే.”

“అంటే భీమశంకరం గార్డు ఈ మెషీన్ మీద పుట్టనే లేదు. ఎక్కడ పుట్టింది?”

అతను కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు కూడా వెంటనే చెప్పలేదు. మంచినీళ్ళు తాగాడు, చెమట తుడుచుకున్నాడు, బిజినెస్ ఎంత కష్టమో చెప్పబోయాడు. బ్యూలా వాటన్నిటినీ చేత్తోనే ఆపేసింది. ఈలోగా ఆమె కళ్ళు అలమరలోని చిన్న డబ్బా మీద పడ్డాయి. మీద తేదీలు రాసిన పారదర్శకమైన పట్టీలు, చిటికెనవేలంత. ప్రతి ప్లేటుతో పాటు యాస్మిన్ ఒక పట్టీ అదనంగా తీసి, మర్నాడు వంచి చూసి దాచుతుందట. బుధవారం పట్టీని బ్యూలా రెండు బొటనవేళ్ళతో బలంగా వంచింది. విల్లులా వంగి మళ్ళీ తిన్నగా నిలిచింది. ఎంత నొక్కినా విరగలేదు.

“బుధవారం ఆ పిల్ల కాల్చింది సరిగ్గానే కాల్చింది. ఇప్పుడు చెప్పండి. లేకపోతే ఈ డబ్బా, ఈ పేజీ, మీ రెండో రాత, మూడూ పట్టుకుపోయి సీఐ బల్ల మీద పెడతాను.”

“కర్దనూర్ల షెడ్డున్నది ఆపా,” అన్నాడు చివరికి. “పాత మెషీన్ పడి ఉన్నది. కరెంటు పోయింది, క్లినిక్కులోల్లు ఫోన్ల మీద ఫోన్లు. ఆ సాయంత్రం వరకే పదకొండు ఇయ్యాలె. అక్కడ కరెంటున్నది. ఫుల్ ప్లేటు పెట్టమన్న. పన్నెండు.”

“పదకొండు కావాలంటే పన్నెండెందుకు?”

“ఒక జాగ ఖాళీగున్నది, నాదొకటి పెట్టుకుంట అన్నడు. పెట్టుకొమ్మన్న. అదెవరికో నాకు తెల్వది, ఒట్టు.”

“అన్నడు అంటే ఎవడు?”

“మొయిన్. మా డెలివరీ బండి నడుపుతడు. భార్య పని చేస్తుంటె చూసి చూసి మెషీన్ నేర్చుకున్నడు.”

బ్యూలా చేతిలోని పట్టీ కింద పడింది.

మొయిన్. యాస్మిన్ మొగుడు. అక్తరీ బేగం కొడుకు.

“నిలబెడితే బలం తగ్గుతదని వానికి తెల్వదా?”

“నేను చెప్పలే. వాడే అన్నడు, ఇంకో గంట ఎక్కువ కాలుస్త భాయ్, ఇటుక లెక్క గట్టిగైతదని. ఎక్కువ కాల్చిండు. పసుపు తిరిగి పెళుసైనయి. అయినా పంపించిన.” ఫుర్ఖాన్ ఇప్పుడు నిజంగానే ఏడుస్తున్నాడు. “శనివారం సంది వాడు ఫోన్ ఎత్తుతలేడు. జహీరాబాద్ దిక్కు పోయిండంటున్నరు.”

బ్యూలాకు జాలి కలగలేదు. ఇటుకకీ పంటికీ తేడా తెలియనివాడు ఒకడు, తెలిసీ డబ్బాలో పెట్టి పంపినవాడు ఇంకొకడు. మధ్యలో జైలుకు పోయేది అన్నీ సరిగ్గా చేసిన ఆడమనిషి.

“పదకొండింట్లో ఒకటి మనిషిని చంపింది. మిగతా పదీ ఎక్కడున్నాయి?”

“క్లినిక్కులకు పోయినయి. ఏది ఏడకు పోయిందో వాని డెలివరీ చీటీల ఉంటది. చీటీలు వాని దగ్గరనే ఉన్నయి.”

మూడూ ఇరవైకి స్టేషన్లో అడుగుపెట్టేసరికి జీపు బయటికి తీస్తున్నారు. శివరామకృష్ణ అద్దంలో టోపీ సరిచూసుకుంటున్నాడు.

“ఆపండి సారూ. ఆమె చేయలేదు.”

“మళ్ళొచ్చిన్రా!”

బ్యూలా రిజిస్టర్ పేజీ బల్ల మీద పరిచింది. రెండు రాతలు, నాలుగు గార్డులు పట్టే ప్లేటు, నలభై నిమిషాలు, రెండు గంటలు, పన్నెండింటి కరెంటు కోత, కర్దనూర్ షెడ్డు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మొయిన్ పేరొక్కటి పక్కన పెట్టింది. అతను పేజీ చూశాడు, కవరు చూశాడు, మళ్ళీ పేజీ చూశాడు. మొహంలో సంబరం ఇగిరిపోయింది గానీ పంతం పోలేదు.

“మీరు చెప్పేది సైన్సు మేడం. నా దగ్గరున్నది కన్ఫెషను. కోర్టుకు ఏది తేలిక?”

“తేలికైనది కాదు సారూ, నిజమైనది కావాలి!” బ్యూలా బల్ల మీద చరిచింది. “ఆమెను లోపలేసి ఫైలు మూసేస్తారు. ఒక్క గార్డు, ఒక్క పొరపాటు, ఒక్క చావు అని రాస్తారు. అలాంటివి ఇంకా పది ఊళ్ళో ఉన్నాయి. ఈ రాత్రి పది మంది అవి నోట్లో పెట్టుకుని పడుకుంటారు. రేపు పొద్దున ఇంకో శవం లేస్తే ఏ సైన్సు చెబుతారు మీరు?”

శివరామకృష్ణ పేజీ మీద వేలు పెట్టి ఆ పదకొండు నంబర్లూ లెక్కపెట్టాడు.

వెనక గది తలుపు దగ్గర యాస్మిన్ నిలబడి ఉంది. లేడీ కానిస్టేబుల్ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

“పదా?” అంది యాస్మిన్. “ఒక్కటి కాదా మేడం? గా భీమశంకరం సార్‌ది ఒక్కటే అర్జెంటుగ అయిందనుకున్న...”

“ఫుల్ ప్లేటు. పన్నెండు. నిలబెట్టి, ఎక్కువ కాల్చి. పదకొండుకు నంబర్లున్నాయి. పన్నెండోది ఎవరి కోసమో ఫుర్ఖాన్‌కు తెలియదు.”

యాస్మిన్ గోడకు ఆనుకుంది.

“గా పన్నెండోది మా ఇంట్ల ఉన్నది,” అంది. “మా అత్తమ్మ నిద్రల పండ్లు కొరుకుతది. తలనొప్పితోని సచ్చిపోతది. ఆర్నెల్ల కింద డాక్టరమ్మ పండ్లకు స్కాన్ తీసింది, నేనే ఫైలు చేసి పెట్టుకున్న, టైమ్ దొరకలే. గురువారం ఆయన తెచ్చి పెట్టిండు. అమ్మీ, నీకొక తోఫా అని. ఫుర్ఖాన్ భాయ్ చేయించిండనుకున్న. పడుకున్నప్పుడల్లా పెట్టుకుంటది మేడం. పగటి పూట పడుకున్నా పెట్టుకుంటది.”

బ్యూలా అప్పటికే ఫోను చెవికి ఆనించింది. అవతల మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కొట్టింది. ఎత్తలేదు.

“రాసుకోండి సార్,” యాస్మిన్ సీఐ వైపు తిరిగింది. ఏడుస్తూనే, మాట మాత్రం తడబడకుండా చెప్పింది. “నేను చేయలే. మీరు గా ముక్కల ఫోటో సూపించంగనే నిలబెట్టి తీసిందని గుర్తుపట్టిన. ఆయన చేసిండని గప్పుడే తెలుసు. మొయిన్, నా భర్త. పోదాం సార్, జల్దీ. ఆమెకేమన్న అయితె నేను బతకను.”

శివరామకృష్ణ టోపీ తీసి బల్ల మీద విసిరాడు. “ఎవడన్న జీపు తియ్యండ్రా! కోర్టుకు గాదు!”

మార్కెట్ వెనక సందులోకి జీపు పట్టలేదు. బ్యూలా దిగి పరుగెత్తింది. నలభై ఆరేళ్ళ మోకాళ్ళు తిట్టుకుంటున్నా ఆగలేదు. ‘ప్రభువా, ఈ ఒక్కసారి’ అనుకుంటూ ఆకుపచ్చ తలుపు రెండు చేతులతో బాదింది. జవాబు లేదు. మళ్ళీ బాదింది. వెనక యాస్మిన్ “అమ్మీ! అమ్మీ!” అని అరుస్తోంది. సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి, ఈ ఒక్కటి తప్ప.

గడియ కదిలింది. జుట్టు చెదిరి, నిద్రకళ్ళతో అక్తరీ బేగం నిలబడింది. ఏదో అనబోయింది. మాట ముద్దగా వచ్చింది.

“తియ్యి ఖాలా! ముందు నోట్లోది తియ్యి!”

ఆవిడ బెదిరిపోయి గార్డు తీసి అరచేతిలో పెట్టుకుంది. లేత పసుపు. దవడ వైపు అంచు నుంచి లోపలికి తిన్నగా ఒక చీలిక దిగింది. బ్యూలా వేలితో తాకీ తాకకముందే ఆ మూల ఊడి ఆవిడ అరచేతిలో పడింది.

“రాత్రి టక్కుమన్నది బేటీ,” అంది అక్తరీ బేగం అమాయకంగా. “మొయిన్‌కు చెప్తె మారుస్తడు అనుకున్న. ఏమైంది? నా కోడల్ని విడిచిన్రా?” కోడలు వెనకే ఉందని అప్పుడు చూసి, ఒక్కసారిగా కావలించుకుంది. “అల్లా! నేను చెప్పలేదా, నా బిడ్డ చెయ్యలేదని! మరి ఎవరు చేసిన్రంట?”

యాస్మిన్ అత్త భుజంలో మొహం దాచుకుంది. సీఐ తన బూట్లు చూసుకుంటున్నాడు. పొద్దుటి నుంచి అందరినీ నిజం చెప్పమని కసిరిన నోరు బ్యూలాదే కాబట్టి ఆ పని కూడా ఆమె నెత్తినే పడింది. ఈ ఉద్యోగం మీద ఆమెకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

“మొయిన్, ఖాలా. కావాలని కాదు, తెలియక. నీ నోట్లోదీ, ఆ సార్‌ను చంపిందీ ఒక్క ప్లేటు మీదివి. ఇట్లాంటివే ఇంకా పది బయట ఉన్నయి. ఎవరెవరి దగ్గరున్నయో వాడికొక్కడికే తెలుసు. చీకటి పడేలోపు వాడు దొరకాలె.”

అక్తరీ బేగం కోడలిని వదిలింది. అరచేతిలోని రెండు ముక్కల్ని చాలాసేపు చూసింది. తరువాత బుర్ఖా లేని తలను కొంగుతో కప్పుకుని, ఇంట్లోకి తిరిగి, లోపలి గది మూసిన తలుపు వైపు పిలిచింది.

“మొయిన్! జహీరాబాద్ పోయిండని అందరికీ చెప్పిన బేటా, ఎందుకని అడగకుంట నువ్వు చెప్పమన్నట్టే చెప్పిన. ఇగ నాతోని కాదు. లే, చీటీలు పట్టుకుని బయటికి రా.”